ఆఫీసు ఐటీ మీ నెత్తిన పడిందా? కోర్సు సంగతి తర్వాత, ముందు లిస్టు రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నలభై మంది ఉన్న ఆఫీసు, మీరు అకౌంట్స్‌లో ఉన్నారు, ఇన్నాళ్లూ కంప్యూటర్లు చూసుకున్న ఆయన మానేశాడు, "నీకు ఇవన్నీ బాగా వచ్చు కదా" అని యజమాని ఆ పని మీకు అప్పజెప్పారు. ఒక సర్వర్, నలభై దాకా పీసీలు, ల్యాప్‌టాప్‌లు, రెండు ప్రింటర్లు, ఇంటర్నెట్. ఏ కోర్సు చేయాలి, హార్డ్‌వేర్ ముందా నెట్‌వర్కింగ్ ముందా, పట్టు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, పాత ఆయనకి తెలిసిన పాస్‌వర్డ్‌లని ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. కోర్సుతో మొదలుపెట్టకండి. మొదటి నెల మీ ఆఫీసులో ఏమేం ఉన్నాయో స్వయంగా తిరిగి చూసి రాసుకోండి. రెండో పని, ఉన్న బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూడటం. తర్వాత కరెంటు, ఆ తర్వాత నెట్‌వర్క్. స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే హార్డ్‌వేర్ రిపేరు అన్నిటికన్నా చివర. కాస్త ఊపిరి పీల్చుకునే స్థితికి రావడానికి ఆరు నెలలు పడుతుంది, నిజమైన పట్టుకి ఏడాది. ఏడాది ఎందుకంటే లైసెన్సులు, వారంటీలు, డొమైన్ (వెబ్‌సైట్‌కి, మెయిల్‌కి కంపెనీ వాడే పేరు) రెన్యువల్, లెక్కల ముగింపు ఇవన్నీ ఏడాదికోసారి వచ్చేవి, ఒక చుట్టు తిరిగితే గానీ ఏ నెలలో ఏది మీద పడుతుందో తెలియదు.

ఈ వరస నేను పుస్తకం చూసి పెట్టింది కాదు. ఏది ఆగితే ఆఫీసులో అందరి పనీ ఆగిపోతుందో అది ముందు నేర్చుకోవాలి, ఒక్కరి పని మాత్రమే ఆగేది తర్వాత. అంతే లెక్క.

నేను ఈ పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. మొదలుపెట్టింది సర్వీస్ బెంచ్ మీద, అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా పీసీలు విప్పడం, బిగించడం. మదర్‌బోర్డు కళ్లు మూసుకుని మార్చేవాణ్ని. ఆ ధీమాతోనే ఒక చిన్న కంపెనీలో ఐటీ చూసుకునే ఉద్యోగంలో చేరాను. మూడో వారం ఒక పొద్దున మొత్తం ఆఫీసుకి మెయిల్ రావడం ఆగిపోయింది. నేను రౌటర్ రీస్టార్ట్ చేశాను, నెట్‌వర్క్ స్విచ్ (ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) రీస్టార్ట్ చేశాను, ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేసి గొడవ పడ్డాను, మధ్యాహ్నం దాకా కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి తేలింది ఏంటంటే కంపెనీ డొమైన్ పేరు గడువు ముందు రోజు రాత్రి అయిపోయింది. గుర్తు చేసే మెయిల్స్ అన్నీ రెండేళ్ల క్రితం మానేసిన ఒకాయన సొంత ఐడీకి వెళ్తున్నాయి. ఆ రోజు నాకు తెలిసిన హార్డ్‌వేర్ ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. పనికొచ్చి ఉండేది ఒక కాగితం, దాని మీద డొమైన్ పేరు, ఎవరి దగ్గర రిజిస్టర్ చేశారు, ఏ తేదీకి అయిపోతుంది అన్న మూడు వివరాలు.

కాబట్టి లిస్టు గురించి. చాలామంది ఇది క్లర్కు పని అనుకుని వదిలేస్తారు, లేదా అందరికీ ఒక ఫారం పంపి నింపమంటారు. ఫారం పంపొద్దు, మీరే టార్చిలైటు పట్టుకుని ప్రతి టేబుల్ కిందా దూరండి. ప్రతి మెషీన్‌కీ సీరియల్ నంబర్, కొన్న తేదీ, వారంటీ ఎప్పటిదాకా, ఎవరు వాడుతున్నారు, ర్యామ్ ఎంత, డిస్క్ ఏది, ఏ విండోస్. ఇది సగం లిస్టే. మిగతా సగం కంటికి కనపడనివి: డొమైన్, వెబ్‌సైట్ సర్టిఫికెట్, మెయిల్ అడ్మిన్ ఖాతా, యాంటీవైరస్ లైసెన్సు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ఇంటర్నెట్ కనెక్షన్ కస్టమర్ నంబర్, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబర్. ఈ చివరిది ఎందుకంటే నెట్ పోయినప్పుడే అది కావాలి, నెట్ పోయినప్పుడే దాన్ని వెతకలేరు. ఇంకోటి, ఈ లిస్టు కాపీ ఒకటి ప్రింట్ తీసి కూడా ఉంచండి. సర్వర్ పోయిన రోజు లిస్టు సర్వర్ లోపలే ఉంటే ఏం లాభం.

ఇలా తిరిగేటప్పుడు మీకు ఖచ్చితంగా వింతలు దొరుకుతాయి. నాకు ఒక ఆఫీసులో స్టేషనరీ బీరువా వెనక ఒక పాత పీసీ దొరికింది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది, మానిటర్ లేదు, పైన స్కెచ్ పెన్నుతో "ఆపొద్దు" అని రాసి ఉంది. ఎందుకు ఆపొద్దో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. మానిటర్ తగిలించి చూస్తే, గుమ్మం దగ్గర వేలిముద్ర మెషీన్ నుంచి హాజరు లెక్కలు లాగి జీతాల సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేది అదే. ఆ డిస్క్‌కి బ్యాకప్ లేదు, డిస్క్ వయసు తొమ్మిదేళ్లు. అది పోయి ఉంటే జీతాల తేదీన నా పరిస్థితి ఏంటో ఊహించుకోండి. మీ ఆఫీసులోనూ అలాంటి మెషీన్ ఒకటి ఉండే ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవడమే మొదటి నెల పని.

లిస్టుకి ఎక్సెల్ చాలు. వంద దాటితే జీఎల్‌పీఐ, స్నైప్ ఐటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నలభైకి అవసరం లేదు, వాటిని సెటప్ చేసుకుంటూ అసలు పని వాయిదా వేసే ప్రమాదమే ఎక్కువ. లిస్టు పూర్తయ్యాక విండోస్ కాలమ్ ఒక్కసారి చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వాటిలో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేక విండోస్ 11కి పోలేని మెషీన్లు ఎన్నో లెక్క తేలితే, యజమానితో మాట్లాడాల్సిన మొదటి బడ్జెట్ విషయం అదే అవుతుంది.

ఇక బ్యాకప్. దీని గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

బ్యాకప్ ఉందా అన్నది ప్రశ్నే కాదు, వెనక్కి తెచ్చి చూశారా అన్నదే ప్రశ్న. నేను చూసిన ఒక చోట రాత్రి రెండు గంటలకి బ్యాకప్ నడిచేది, పొద్దున్నే "విజయవంతం" అని ఆకుపచ్చ టిక్కుతో మెయిల్ వచ్చేది. ఎనిమిది నెలలు అలా వచ్చింది, నేనూ రోజూ చూసి మురిసిపోయాను. ఒకరోజు అకౌంటెంట్ పొరపాటున ఒక కంపెనీ డేటా డిలీట్ చేసింది. తీరా బ్యాకప్ తెరిస్తే అందులో ఉన్నది ఎనిమిది నెలల నాటి డేటా. జరిగింది ఏంటంటే, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు డేటా ఫోల్డర్ సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కి మారింది. బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే ప్రతి రాత్రీ ఎంతో నమ్మకంగా కాపీ చేస్తూ పోయింది. అందులో తప్పేం లేదు, చెప్పిన ఫోల్డర్‌ని చెప్పినట్టే కాపీ చేసింది. ఎనిమిది నెలల ఎంట్రీలు ఆమె, ఇంకో ఇద్దరు కూర్చుని ప్రింట్ తీసిన వోచర్ల నుంచి మళ్లీ కొట్టారు. పదకొండు రోజులు పట్టింది. నేను పక్కన కూర్చుని వోచర్ నంబర్లు చదివిపెట్టాను, అంతకన్నా చేయగలిగింది లేదు.

ఇది చిన్న కంపెనీల్లోనే జరుగుతుంది అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీర్ రాత్రి పూట అలసటలో ఒక సర్వర్ మీద కొట్టాల్సిన డిలీట్ కమాండ్‌ని అసలు డేటాబేస్ ఉన్న సర్వర్ మీద కొట్టాడు. సరే బ్యాకప్ తీద్దాం అని చూస్తే, వాళ్లు పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. బ్యాకప్ ఫెయిలవుతోంది అని చెప్పాల్సిన మెయిల్స్ కూడా చేరడం లేదు. ఏదో పరీక్ష కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక కాపీ ఉండబట్టి బతికిపోయారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లు దీన్ని దాచకుండా అందరికీ కనపడేలా రాసుకున్నారు, అందుకు నాకు వాళ్ల మీద గౌరవం.

మీరు చేయాల్సింది ఇది. నెలకోసారి, తేదీ ఒకటి ఫిక్స్ చేసుకుని, ఏదో ఒక ఫైలు బ్యాకప్ నుంచి తెచ్చి తెరిచి చూడండి, తెరవడం ముఖ్యం, సైజు చూసి వదిలేయకండి. మూడు నెలలకోసారి అకౌంటింగ్ డేటా మొత్తాన్ని వేరే పీసీలో రీస్టోర్ చేసి, నిన్నటి చివరి వోచర్ నంబర్ అందులో ఉందో లేదో చూడండి. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఈ పరీక్ష నాకన్నా మీరే బాగా చేయగలరు. రీస్టోర్‌కి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఇంకో మాట, సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా దాని డేటా ఫైళ్లని కాపీ పేస్ట్ చేస్తే అది బ్యాకప్ కింద లెక్క కాదు, సగం రాసిన ఫైలు కాపీ అవ్వొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే బ్యాకప్ ఆప్షన్ వాడి, దాని ఫైలుని కాపీ చేయండి.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట అనే పాత సూత్రం వినే ఉంటారు. దానికి నేను కలిపేది ఒకటి: కనీసం ఒక కాపీ ఏ వైరూ తగిలించకుండా ఉండాలి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని సర్వర్‌కి ఎప్పుడూ గుచ్చి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లని లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు దాన్ని కూడా లాక్ చేసి పోతుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడిలో మెయర్స్క్ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు (ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే సర్వర్లు, వెబ్‌సైట్ పేరు డొమైన్ వేరు) అన్నీ ఒకదానికొకటి కాపీలు కాబట్టి అన్నీ కలిసే పోయాయి, ఒక్క ఘానా ఆఫీసులోది తప్ప. అక్కడ ఆ సమయానికి కరెంటు పోయి ఆ మెషీన్ నెట్‌వర్క్‌లో లేదు. పవర్ కట్ మేలు చేసిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. దాని సాయంతో వాళ్లు పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నారు.

"మా సర్వర్‌లో రెండు డిస్కులు ఉన్నాయి, రెయిడ్ పెట్టారు" అని రాశారు. మంచిదే, కానీ ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాసే ఆ ఏర్పాటు బ్యాకప్ కాదు. ఒక డిస్క్ చచ్చిపోతే పని ఆగకుండా చూడటం దాని పని. మీరు ఒక ఫైలు డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది. పైగా రెండిట్లో ఒకటి ఎప్పుడో పోయి ఉండొచ్చు, ఎవరూ చూసి ఉండరు. రేపు వెళ్లగానే సర్వర్ ముందు డిస్కుల మీద లైట్లు చూడండి, కాషాయం రంగులో ఏదైనా వెలుగుతుంటే ఆ రోజు మిగతా పనులు పక్కన పెట్టండి.

కరెంటు గురించి ఒక కథ చెప్తే చాలు. ఒక చోట సర్వర్ వారానికి రెండు మూడు సార్లు దానంతట అదే ఆగిపోయేది. ర్యామ్ మార్చారు, పవర్ సప్లై మార్చారు, విండోస్ మళ్లీ వేశారు. నేను వెళ్లిన రోజు ఏమీ విప్పలేదు, ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండున్నర ప్రాంతంలో ఒకాయన పెద్ద రిపోర్టు ప్రింట్ ఇచ్చాడు, లేజర్ ప్రింటర్ గుర్రుమని లేచింది, యూపీఎస్ ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది, దాంతో సర్వర్ కూడా. ఎవరో పక్కన ప్లగ్ పాయింట్ ఖాళీ లేదని ప్రింటర్‌ని యూపీఎస్‌కి గుచ్చారు. లేజర్ ప్రింటర్‌లో కాగితాన్ని వేడి చేసే రోలర్ మొదలైనప్పుడు ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగుతుంది. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి ఎప్పుడూ తగిలించొద్దు. అలాగే యూపీఎస్ మీద రాసి ఉండే 1000 వీఏ అంటే 1000 వాట్లు కాదు, చిన్న వాటిలో చాలా మటుకు 600 వాట్లే వస్తాయి, వాట్లు ఎంతో వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు, గది వేడిగా ఉంటే ఇంకా తక్కువ. కొన్న తేదీ బ్యాటరీ మీదే మార్కర్‌తో రాయండి. యూపీఎస్ నుంచి సర్వర్‌కి యూఎస్‌బీ కేబుల్ ఒకటి ఉంటుంది, బ్యాటరీ అయిపోతున్నప్పుడు సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అవడానికి. నేను వెళ్లిన ఆఫీసుల్లో చాలా చోట్ల ఆ కేబుల్ డబ్బాలోనే సీలు విప్పకుండా ఉంది.

నెట్‌వర్క్‌కి వస్తే, "అన్నా, నెట్ రావట్లేదు" అన్న మాట మీరు రోజూ వింటారు. వెంటనే లేచి రౌటర్ దగ్గరికి పరిగెత్తకండి. మొదటి ప్రశ్న, ఒక్కరికేనా అందరికీనా? ఒక్కరికైతే కేబుల్, ఆ పీసీ. అందరికీ అయితే మూడు మెట్లు: మీ రౌటర్ అడ్రస్‌కి పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తుందో లేదో చూసే చిన్న కమాండ్) వెళ్తోందా, వెళ్తే బయట గూగుల్ వాళ్ల 8.8.8.8 అడ్రస్‌కి వెళ్తోందా, అదీ వెళ్తే ఏదైనా వెబ్‌సైట్ పేరుకి వెళ్తోందా. మొదటిది ఆగితే సమస్య ఆఫీసు లోపల. రెండోది ఆగితే ఎక్కువ సార్లు ఇంటర్నెట్ వాళ్ల వైపు. మూడోది మాత్రమే ఆగితే డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే ఏర్పాటు. ఈ మూడు మెట్లు రెండు నిమిషాల పని, నెట్‌వర్కింగ్‌లో మీకు మొదటి ఏడాది కావాల్సిన దాంట్లో సగం ఇదే అంటే అతిశయోక్తి కాదు.

పీసీకి వచ్చిన ఐపీ అడ్రస్ చూడటం కూడా అలవాటు చేసుకోండి. 169.254తో మొదలైతే దానికి అడ్రస్ ఇచ్చేవాడు దొరకలేదని అర్థం. మీ ఆఫీసు అంతా 192.168.10 అయ్యుండి కొందరికి 192.168.0 వస్తుంటే, ఎవరో ఇంటి నుంచి వైఫై రౌటర్ తెచ్చి గోడకి గుచ్చారు, అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టింది. నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు రెండు రోజులు పట్టింది కనుక్కోవడానికి, ఎందుకంటే కొందరికే వచ్చేది, అదీ పీసీ రీస్టార్ట్ చేసిన వాళ్లకే. ఆఖరికి మీటింగ్ రూమ్‌లో టీవీ వెనక దొరికింది. తెచ్చినాయన పాపం మంచి ఉద్దేశంతోనే తెచ్చాడు, అక్కడ సిగ్నల్ సరిగా రాదని. అందుకని తిట్టలేదు, అక్కడ పద్ధతిగా ఒక యాక్సెస్ పాయింట్ (ఆఫీసు నెట్‌వర్క్‌నే వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టించాను. ఇలాంటిదే ఇంకోటి, గది సర్దేవాళ్లు వేలాడుతున్న కేబుల్ రెండో కొసని కూడా అదే స్విచ్‌లో గుచ్చడం. మామూలు చవక స్విచ్ అయితే ఆఫీసు మొత్తం నిమిషాల్లో పడిపోతుంది, లైట్లన్నీ పిచ్చెక్కినట్టు ఒకేసారి కొట్టుకుంటాయి. స్పానింగ్ ట్రీ, అంటే ఇలాంటి చుట్టుని కనిపెట్టి ఆపే సదుపాయం, ఉన్న స్విచ్ అయితే తట్టుకుంటుంది. కేబుళ్లకి రెండు కొసల్లోనూ లేబుల్ కట్టండి, ఒక ఆదివారం పోతుంది, కానీ తర్వాత ఎన్నో సాయంత్రాలు మిగులుతాయి.

హార్డ్‌వేర్ చివర అన్నాను కదా, దానికి కారణం ఉంది. ఆఫీసులో ఒక పీసీ పోతే దాన్ని అప్పటికప్పుడు బాగుచేయడం మీ పని కాదు. ఆ మనిషిని అరగంటలో మళ్లీ పనిలో కూర్చోబెట్టడం మీ పని. అంటే అన్నీ సెటప్ చేసి పెట్టిన ఒకటి రెండు స్పేర్ మెషీన్లు బీరువాలో ఉండాలి, వీలైనంత ఒకే మోడల్ కొనాలి, అప్పుడు ఛార్జర్లు, ర్యామ్, డ్రైవర్లు అన్నీ సరిపోతాయి. పోయినదాన్ని తీరిగ్గా విప్పండి, అక్కడే మీ హార్డ్‌వేర్ చదువు మొదలవుతుంది. పాత పీసీ ఒకటి అడిగి తెచ్చుకుని మొత్తం ఊడదీసి, మళ్లీ బిగించి, విండోస్ వేసి, ఆఫీసు లాగిన్ల డొమైన్‌లో కలపండి. రెండోసారి లైనక్స్ వేయండి. ఏ వీడియో చూసినా ఇంత రాదు.

పోయేవి ఎక్కువగా కదిలేవి, వేడెక్కేవి, అరిగేవి: హార్డ్ డిస్కులు, ఫ్యాన్లు, పవర్ సప్లైలు, బ్యాటరీలు, కేబుళ్లు. ప్రాసెసర్ పోవడం నా 19 ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత. హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూడటం నేర్చుకోండి, అందులో 5, 197 అనే రెండు వరసల్లో అంకెలు సున్నా నుంచి పెరగడం మొదలైతే ఆ డిస్క్ మీద ఆశ వదులుకుని డేటా తీసేయండి. ఇక చిన్న వస్తువు ఎంత తిప్పలు పెడుతుందో చూడండి. ఒకావిడ పీసీలో రోజూ పొద్దున ఏ వెబ్‌సైట్ తెరిచినా "సర్టిఫికెట్ చెల్లదు" అని వచ్చేది, కాసేపటికి సర్దుకునేది. రెండుసార్లు విండోస్ మళ్లీ వేశారట. కారణం, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోయి గడియారం పాత సంవత్సరానికి వెళ్లిపోతోంది. అదే వయసు పీసీలు ఇంకా ఉన్నా వాళ్లకి రాలేదు, ఎందుకో తెలుసా? ఆఫీసులో రోజూ వెళ్లేటప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపేసేది ఆవిడ ఒక్కతే. మిగతావి కరెంటుకి తగిలించి ఉండటంతో గడియారం నడుస్తూనే ఉండేది. విండోస్ డొమైన్‌లో గడియారం ఐదు నిమిషాలకన్నా తేడా ఉంటే లాగిన్ కూడా ఒప్పుకోదు, మామూలు సెట్టింగ్ అది. అందుకే ఏ వింత సమస్య వచ్చినా ముందు స్క్రీన్ మూల టైము చూస్తాను, ఇప్పటికీ.

అప్‌డేట్ల మీద మీ ఆఫీసులో రెండు పార్టీలు ఉంటాయి, వెంటనే వేయాలనేవాళ్లు, అసలు వద్దనేవాళ్లు. ఇద్దరికీ సాక్ష్యం ఉంది. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న ప్రపంచమంతా పాకింది, దాన్ని ఆపే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, రెండు నెలలు వేయకుండా కూర్చున్నవాళ్లే దెబ్బతిన్నారు. అటు 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో ఆగిపోయాయి. నేను చేసేది మధ్యస్థం: ముందు నా పీసీ, ఇంకో ఇద్దరు ఓపిక ఉన్నవాళ్ల పీసీలు, నాలుగైదు రోజులు గమనించి మిగతా అందరికీ. సర్వర్‌కి ఆ తర్వాత, అదీ బ్యాకప్ తీశాక, శుక్రవారం సాయంత్రం మాత్రం కాదు. క్రౌడ్‌స్ట్రైక్ రోజు ఇంకో పాఠం కూడా ఉంది. చాలా మెషీన్ల దగ్గరికి మనిషి వెళ్లి ఒక ఫైలు తీయాల్సి వచ్చింది, డిస్క్ బిట్‌లాకర్‌తో (డిస్క్‌లోని డేటాని తాళం వేసే విండోస్ సదుపాయం) లాక్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడిగింది. మీ ల్యాప్‌టాప్‌ల కీలు ఎక్కడున్నాయో ఈ వారమే చూసుకోండి.

మనుషుల సంగతి తక్కువగా చెప్తాను, కానీ తక్కువ ముఖ్యం అని కాదు. ఎవరు ఏ సమస్య చెప్పినా ఒక షీటులో తేదీ, పేరు, సమస్య, ఏం చేశారు అని ఒక్క లైను రాయండి. కారిడార్‌లో "ఒక్క నిమిషం" అని ఆపేవాళ్లవి కూడా. మూడు నెలల తర్వాత అదే మీ ఆయుధం. "సర్వర్ పాతదైంది, కొత్తది కావాలి" అంటే ఏ యజమానీ డబ్బు తీయడు. "ఈ మూడు నెలల్లో సర్వర్ నాలుగుసార్లు ఆగింది, నలభై మంది కలిపి ఇన్ని గంటలు ఖాళీగా కూర్చున్నారు, వారంటీ అయిపోయి రెండేళ్లు" అంటే కూర్చోమంటాడు. ఇంకో రెండు ప్రశ్నలు ఆయన్ని నేరుగా అడిగి జవాబు మెయిల్‌లో తీసుకోండి: సర్వర్ పోతే ఎన్ని గంటలు ఆగగలరు, ఎంతసేపటి పని మళ్లీ చేయడానికి సిద్ధం? అసలు ఆగకూడదు అంటారు, అందరూ అదే అంటారు. ఏడాది పొడవునా 99.9 శాతం నడిచినా 8 గంటల 45 నిమిషాలు ఆగినట్టే అని చెప్పి, దానికన్నా మెరుగ్గా కావాలంటే రెండో సర్వర్ ఖర్చు ముందు పెట్టండి. అప్పుడు నిజమైన జవాబు వస్తుంది.

కోర్సులు ఇప్పుడు. పైవన్నీ ఒక చుట్టు అయ్యాక కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకోండి, అది ఉచితం. రెండు పరీక్షలు ఉంటాయి, హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మొదలుకుని సెక్యూరిటీ, ట్రబుల్‌షూటింగ్ దాకా వస్తాయి. మీరు ఇదే రంగంలో ఉండిపోదాం అనుకుంటే పరీక్ష రాయండి, లేదంటే సిలబస్‌లో తెలియని మాటల్ని ఒక్కోటి వెతుక్కుంటూ పోయినా చాలు. తర్వాత వాళ్లదే నెట్‌వర్క్ ప్లస్. ఐటీ సేవల నిర్వహణకి చెప్పే ఐటిల్ గురించీ అడిగారు, అది 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసుకున్న పద్ధతుల నుంచి పెరిగింది, పెద్ద టీములకి బాగా పనికొస్తుంది. నలభై మంది ఆఫీసులో ఒంటరిగా ఉన్న మీకు అందులోంచి ఒక్క అలవాటు చాలు: ఏదైనా మార్చే ముందు ఏం మారుస్తున్నాను, పాడైతే వెనక్కి ఎలా తెస్తాను అని రెండు లైన్లు రాసుకోవడం. ఎవరైనా "ముందు క్లౌడ్ నేర్చుకో, హార్డ్‌వేర్ కాలం పోయింది" అంటే వినండి, కానీ మీ స్విచ్, యూపీఎస్, ప్రింటర్ క్లౌడ్‌లోకి పోవు. మెయిల్ క్లౌడ్‌లో ఉన్నా అడ్మిన్ ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టడం, రెండో అడ్మిన్ ఖాతా ఒకటి విడిగా ఉంచుకోవడం మీ బాధ్యతే.

పాస్‌వర్డ్‌ల ప్రశ్న చివరికి ఉంచాను, చేయడం మాత్రం అన్నిటికన్నా ముందు చేయండి. పాత ఆయన ఎంత మంచివాడైనా సరే, ఆయన సొంత లాగిన్, బయట నుంచి కనెక్ట్ అయ్యే సాఫ్ట్‌వేర్, రౌటర్ పాస్‌వర్డ్, మెయిల్ అడ్మిన్, డొమైన్ ఖాతా అన్నీ మార్చాలి. ఇది ఆయన్ని అనుమానించడం కాదు, రేపు ఏదైనా జరిగితే ఆయన మీదికి మాట రాకుండా కూడా. కానీ సర్వర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మార్చే ముందు ఒక్క నిమిషం ఆగి, విండోస్ సర్వీసెస్ లిస్టులోనూ, టైము ప్రకారం పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌లోనూ ఏవేవి ఆ పేరుతో నడుస్తున్నాయో చూసి రాసుకోండి. నేనొకసారి చూడకుండా మార్చేశాను. ఏమీ ఆగలేదు, అందరి పనీ మామూలుగా సాగింది, హాయిగా ఇంటికెళ్లాను. ఆ రాత్రి నుంచి బ్యాకప్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతూ ఉండిపోయింది, తొమ్మిది రోజుల తర్వాత నెలవారీ రీస్టోర్ పరీక్ష చేస్తే గానీ నాకు తెలియలేదు.

మీ సర్వర్ మోడల్, దాని వయసు, ఇప్పుడు బ్యాకప్ దేంతో తీస్తున్నారో రాస్తే డిస్కుల గురించి ఇంకొంచెం వివరంగా చెప్పగలను.